రాయితీలో హార్డ్ డిస్కు కొనేవారికి

తెలుగులో రాయితీ అంటాం, కన్నడంలో రియాయితి అంటాం. తెలుగులో అగ్గువ అంటాం, కన్నడంలో అగ్గ అంటాం. ఇలాంటి జంట మాటలు ఏరుకుని రమ్మని పిల్లలకు ఇంటిపని ఇస్తే, మా బడిలో అందరికంటే ఎక్కువ తెచ్చేది సంతలో తల్లి పక్కన కూర్చుని కూరగాయలు అమ్మే పిల్లే. ఈ పూట ఆ రెండు మాటలనూ పట్టుకుని ఒక వస్తువు గురించి మాట్లాడతాను. అది కూరగాయ కాదు, కంప్యూటరుకు బయటినుంచి వైరుతో తగిలించే హార్డ్ డిస్కు.

అరచేతిలో పట్టే నల్లటి పెట్టె అది. ఫోను నిండిపోయినప్పుడు, ల్యాప్‌టాపు పాతబడినప్పుడు, ఫోటోలనూ వీడియోలనూ అందులోకి దించి బీరువాలో పెట్టుకుంటాం. ఆయుధపూజ దగ్గర పడిందంటే చాలు, దీపావళి దాకా ఫోను తెరిచినప్పుడల్లా ప్రకటనే. ఇంత ధర వస్తువు ఇంతకే, ఈ రాత్రి పన్నెండు వరకే అంటూ. చిక్కబళ్ళాపురమైనా, బాగేపల్లి అయినా, చింతామణి అయినా ఇప్పుడు సరుకు గడప దగ్గరికే వస్తుంది. అందుకని చాలామంది కొంటున్నారు. కొన్నవాళ్ళలో కొందరు ఏడాది తిరగకముందే నా దగ్గరికి వచ్చి, "సార్, ఇది తెరుచుకోవడం లేదు, కొంచెం చూడండి" అంటున్నారు. బడిలో కంప్యూటరు గది తాళం నా దగ్గర ఉండటమే నా అర్హత. నేను ఇంజనీరును కాను.

ముందు నా సొంత నష్టం చెప్పేస్తాను. మా మేనమామ చింతామణి తాలూకాలో ఒక పల్లెలో భజన గుంపుతో పాడేవాడు. కైవారం ఆ తాలూకాలోదే. కైవార తాతయ్య నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన మహానుభావుడని మీకు నేను చెప్పనక్కర్లేదు. మామకు చదువు లేదు, రాగాల పేర్లు తెలియవు. కానీ తెల్లవారుజామున ఆయన తత్వం ఎత్తుకుంటే ఆవులకు మేత వేసేవాళ్ళు కూడా కాసేపు చెయ్యి ఆపేవాళ్ళు. 1996, 97 సంవత్సరాలలో, నేను పీయూసీ చదివే రోజుల్లో, టేపురికార్డరు ఆయన ముందు పెట్టి 14 క్యాసెట్లు నింపాను.

మామ పోయాక, 2014 వేసవి సెలవుల్లో, ఆ క్యాసెట్లను ఒక్కొక్కటీ కంప్యూటరులోకి ఎక్కించాను. అప్పటికే వాటికి బూజు పట్టింది. కొన్ని ఒక్కసారి తిరిగి, ఇంక తిరగమని మొండికేశాయి. ఆ పాటలు, అక్క పెళ్ళి వీడియో, పిల్లల ఫోటోలు అన్నీ ఒకచోట పెట్టాలని పండుగ రాయితీలో ఒక డిస్కు కొన్నాను. సగానికి సగం తగ్గింపు. పేరు నేను ఎప్పుడూ విననిది, పెట్టె మాత్రం అందంగా ఉంది. ఇంత అగ్గువకు తెచ్చానని బడిలో నలుగురికీ చూపించాను కూడా.

పద్నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒక సాయంత్రం తగిలిస్తే గడియారంలా టిక్కు టిక్కుమని శబ్దం వచ్చింది, తెర మీద ఏమీ రాలేదు. బెంగళూరులో ఇలాంటివి బాగుచేసే ఒకతను నా ఎదుటే మూత విప్పాడు. కొత్త డబ్బాలో పాత డిస్కు. ఏదో ల్యాప్‌టాపు నుంచి ఊడదీసింది. దాని మీద అచ్చయిన తయారీ సంవత్సరం నేను కొన్నదానికి ఐదేళ్ళ ముందుది. లోపల ఉన్నది తీసి ఇవ్వడానికి అతను చెప్పిన ఖర్చు నేను డిస్కుకు పెట్టిన దుడ్డుకు ఎనిమిది రెట్లు. అంత పెట్టినా వస్తుందని మాట ఇవ్వలేను అన్నాడు.

14 క్యాసెట్లలో 5 మిగిలాయి. అవి కూడా నా తెలివి వల్ల మిగల్లేదు. బాగేపల్లిలో ఉన్న మా అక్క శ్రీరామనవమికి గుడిలో వేయిద్దామని ఆ ఐదింటినీ అంతకు ముందే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని పోయింది. తక్కిన తొమ్మిదీ పోయాయి. మన పిల్లలు బడిలో చదివేది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఈ ఇంటి తెలుగును ఎవరూ పుస్తకాల్లో అచ్చు వేయలేదు. అది పెద్దవాళ్ళ గొంతులోనే ఉంది. నేను సగం ధరకు కొన్న డబ్బాలో పెట్టి పోగొట్టుకున్నది దాన్ని.

ఆ టిక్కు టిక్కు ఏమిటో తెలిస్తే ఈ వస్తువును ఎలా కొనాలో సగం తెలిసినట్టే. హార్డ్ డిస్కు లోపల గ్రామఫోను రికార్డులాంటి పళ్ళెం ఉంటుంది, గాజుతోనో అల్యూమినియంతోనో చేసింది. దాని మీద అయస్కాంతపు పూత. చేతిలో పట్టే రకాల్లో అది మామూలుగా నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. గ్రామఫోను ముల్లు రికార్డుకు ఆనుకుని నడుస్తుంది కదా, ఇందులో ముల్లు లాంటి తల పళ్ళేనికి ఆనదు, పైన గాలిలో తేలుతుంది. ఆ ఎడం తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తిరుగుతున్నప్పుడు డిస్కు బల్ల మీదనుంచి పడితే తల పళ్ళేన్ని గీరేస్తుంది. తల పాడైతే చదవాల్సిన చోటు దొరక్క ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. మనకు వినబడేది ఆ వెతుకులాటే. 1956లో ఐబీఎం కంపెనీ తెచ్చిన మొదటి హార్డ్ డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి 5 ఎంబీ పట్టేది. ఈనాడు ఫోనులో తీసే ఒక ఫోటోకు అది సరి. అంత పెద్ద యంత్రాన్ని అరచేతిలోకి కుదించారు, అరగదీసే గుణాన్ని మాత్రం తీసెయ్యలేకపోయారు. కాబట్టి ఒకరు వాడిన డిస్కుకు పైన ఎంత కొత్త డబ్బా తొడిగినా లోపలి మోటారు వయసు తగ్గదు.

సరే, ఇప్పుడు బేరానికి వద్దాం. ప్రకటన చూడకముందు మీ ఇంట్లో దాచవలసింది ఎంత ఉందో కొలుచుకోండి. లెక్కల మేష్టరులా విసిగిస్తున్నానని అనుకోకండి, ఈ ఒక్క లెక్కతో చాలా దుడ్డు మిగులుతుంది. ఫోనులో తీసిన ఫోటో ఒకటి సుమారు 4 ఎంబీ అనుకుంటే 20 వేల ఫోటోలకు 80 జీబీ చాలు. 90 నిమిషాల క్యాసెట్టును ఎంపీ3 పాటగా మారిస్తే 100 ఎంబీ కూడా కాదు, అంటే పది క్యాసెట్లకు 1 జీబీ. పెళ్ళి వీడియో నాలుగు డీవీడీలు ఉన్నా 19 జీబీ లోపే. ఫోనుతో తీసిన వీడియోలే బరువు. రకాన్ని బట్టి గంటకు నాలుగు నుంచి ఎనిమిది జీబీ తింటాయి. అన్నీ కూడినా మనలాంటి ఇంటికి 300, 400 జీబీ దాటడం అరుదు. ఒక టీబీ అంటే వెయ్యి జీబీ. ఇంకా కొన్నేళ్ళకు సరిపడా చోటు అందులో మిగులుతుంది. అలాంటప్పుడు నాలుగు టీబీ డిస్కు మీద ఎంత రాయితీ ఇస్తే మనకేమి?

కొలిచేటప్పుడే ఇంకొక పని చేయండి. పోతే మళ్ళీ దొరికేవి ఏవి, దొరకనివి ఏవి అని వేరు చేయండి. పొలం పహణీ మళ్ళీ దొరుకుతుంది. కర్ణాటకలో భూమి పథకం కింద అవి 2000 ప్రాంతంలోనే కంప్యూటరుకు ఎక్కాయి, అర్జీ పెట్టుకుంటే ఇంకో ప్రతి ఇస్తారు. ఈమధ్య పాసైన పిల్లల మార్కుల కార్డులు డిజిలాకరులో ఉంటాయి. సినిమాలు ఎక్కడైనా దొరుకుతాయి. మామ గొంతు దొరకదు. అవ్వ చెప్పిన శాస్త్రం, తాత కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్విన వీడియో దొరకవు. ఈ దొరకని వాటి మూటను విడిగా కట్టి చూస్తే ఎంత చిన్నదో మీకే ఆశ్చర్యం వేస్తుంది. చాలా ఇళ్ళలో అది 50 జీబీ కూడా ఉండదు.

ఇక ధర. పెట్టె మీద అచ్చయిన ఎమ్మార్పీ నుంచి ఇంత శాతం తగ్గింపు అనే మాటను లెక్కలోకి తీసుకోకండి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదనే హద్దు. ఆ హద్దును ఎంత ఎత్తున గీసుకోవాలన్నది అమ్మేవాళ్ళ ఇష్టం. ఏడాది పొడుగునా ఐదువేలకు అమ్మే వస్తువు మీద పదివేలు అచ్చు వేసి, పండుగనాడు సగం ధర అంటే అందులో తగ్గింది ఏమీ లేదు. నేనేం చేస్తానంటే, కొనాలనుకున్న డిస్కు ధరను నెల ముందునుంచి వారానికొకసారి గోడ క్యాలెండరు మీద రాసిపెడతాను. మా ఇంట్లో పాల లెక్క పక్కనే ఈ లెక్క ఉంటుంది. పండుగ వచ్చినప్పుడు నా క్యాలెండరు అంకెతో పోల్చి చూస్తాను. అప్పుడు యాభై శాతం తగ్గింపు ఎనిమిది శాతమో పది శాతమో అయి కూర్చుంటుంది. ఆ ఎనిమిది శాతం నిజమైన రాయితీ. దాన్ని వదులుకోవద్దు.

ఇంకొక లెక్క, టీబీకి ఎంత పడుతుందని. ఉదాహరణకు ఒక టీబీ డిస్కు ఐదువేలు, రెండు టీబీల డిస్కు ఏడువేలు అనుకుందాం. మొదటిదాంట్లో టీబీ ఐదువేలు, రెండోదాంట్లో మూడున్నర వేలు. డబ్బా, మోటారు, తల, వైరు రెండింటికీ కావాలి కాబట్టి చిన్నది ఎప్పుడూ దామాషాలో ప్రియంగానే ఉంటుంది. అంగడిలో "ఇంకో రెండువేలు వేసుకుంటే రెట్టింపు వస్తుంది సార్" అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ మీకు ఒక టీబీ చాలినప్పుడు, ఆ రెండువేలకు మరి మూడువేలు కలిపి ఒక టీబీవే రెండు డిస్కులు తీసుకోండి అంటాను నేను. ఒకదాంట్లో ఉన్నదంతా రెండోదాంట్లోనూ ఉండాలి. రెండూ ఒకే రోజు, ఒకే అంగట్లో, ఒకే రకం కొనకండి. ఒకే దఫాలో తయారైన వాటికి ఒకే లోపం ఉండవచ్చు. ఈ పండుగకు ఒకటి, వచ్చే పండుగకు ఇంకో కంపెనీది ఒకటి కొంటే ఖర్చు కూడా ఒక్కసారి మీద పడదు.

ధరలు ఎందుకు ఎగిరి పడతాయో చింతామణి మార్కెట్టుకు టమాట తోలినవాళ్ళకు నేను నేర్పనక్కర్లేదు. మనకు వాన ఎక్కువైతే టమాట ప్రియమవుతుంది. థాయిలాండులో వాన ఎక్కువైతే హార్డ్ డిస్కు ప్రియమవుతుంది. 2011 అక్టోబరులో అక్కడ వరదలొచ్చి డిస్కుల కర్మాగారాలు నీట మునిగాయి, ప్రపంచమంతటా కొన్ని నెలలపాటు ధరలు మండిపోయాయి. 2021లో చియా అనే ఒక రకం డిజిటల్ నాణెం కోసం డిస్కులను మూటలు మూటలుగా కొన్నారు, అప్పుడూ అంతే. తిరిగే హార్డ్ డిస్కులు తయారుచేసే కంపెనీలు ఇప్పుడు ప్రపంచంలో మూడే. సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. పైన వేరే పేరున్న మంచి డబ్బాలు కూడా ఉన్నాయి, వాటి లోపల ఉండే తిరిగే డిస్కు ఈ ముగ్గురిలో ఒకరిదే. పెట్టె మీద థాయిలాండ్ అనో, చైనా అనో, ఫిలిప్పీన్స్ అనో ఉంటే నకిలీ అని భయపడకండి. అసలైనవీ అక్కడినుంచే వస్తాయి.

నకిలీ వేరే విధంగా పట్టుబడుతుంది. పదహారు టీబీలు రెండువేలకే అని ఫోనులో ప్రకటన మీరూ చూసే ఉంటారు. చేతిలో పట్టే, తిరిగే రకం డిస్కుల్లో 2024లో 6 టీబీది వస్తే అదే పెద్ద వార్త అయింది. అలాంటప్పుడు అగ్గిపెట్టెకు కొంచెం పెద్దగా ఉండే డబ్బాలో పదహారు ఎక్కడినుంచి వస్తాయి? ఆ డబ్బా విప్పితే ఫోనులో వేసుకునే చిన్న మెమొరీ కార్డు ఒకటి ఉంటుంది, 32 జీబీదో 64 జీబీదో. బరువు కోసం ఇనుప ముక్క అతికించినవి కూడా దొరికాయి. అందులోని చిప్పు కంప్యూటరుతో నేను పదహారు టీబీలని అబద్ధం చెబుతుంది. మీరు ఫోటోలు ఎక్కిస్తూ పోతే వద్దనదు. నిజమైన చోటు నిండాక పాతవాటి మీదనే కొత్తవి రాస్తుంది, లేదా అసలు రాయకుండానే రాశానంటుంది. పేర్లన్నీ వరుసగా కనబడతాయి, తెరిస్తే ఒక్కటీ తెరుచుకోదు. కొన్న ఆరు నెలలకు గాని ఇది బయటపడదు, అప్పటికి ఫోనులో ఉన్నవి తుడిచేసి ఉంటాం. బాగేపల్లి నుంచి ఒక తండ్రి తన కూతురి మొదటి ఏడాది ఫోటోలన్నీ ఇలాంటిదాంట్లో పెట్టి తెచ్చాడు. ఆయనతో ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అసలైన డిస్కు కొత్తదనాన్ని వెయ్యి జీబీ చూపించాలి కదా, 931 చూపిస్తోంది, మోసం చేశారు అని కొందరు జగడానికి దిగుతారు. అది మోసం కాదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. ఒక టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. దాన్ని 1024తో మూడుసార్లు భాగిస్తే 931 వస్తుంది. పాత పడితో కొలిచిన రాగులను కొత్త లీటరుతో కొలిచినట్టు. గింజలు అవే, అంకె మారింది. రెండు టీబీలది 1.81 అని చూపిస్తుంది.

వాడినదాన్ని కొత్తదని అమ్మడం చిన్న అంగళ్ళలోనే జరుగుతుందని అనుకోకండి. 2025 మొదట్లో యూరప్‌లో, ముఖ్యంగా జర్మనీలో, కొత్తవని అమ్మిన సీగేట్ పెద్ద డిస్కులు కొన్ని అంతకు ముందు వేల గంటలు పనిచేసినవని పత్రికలు బయటపెట్టాయి. మధ్యలో ఎవరో వాటి గంటల లెక్కను తుడిచి సున్నా చేశారు. బండి అమ్మేముందు కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పే విద్య మనకు తెలియనిదా? డిస్కుకు కూడా అలాంటి మీటరు ఒకటి లోపల ఉంటుంది. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు ఆన్ చేశారు, పాడైన చోట్లు ఎన్ని అని అది రాసిపెట్టుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ లెక్క చూడవచ్చు. కొత్తదైతే గంటలు సున్నా దగ్గరే ఉండాలి. మీకు రాకపోతే మీ ఊరి కంప్యూటరు అంగడి కుర్రాడు రెండు నిమిషాల్లో చూసి పెడతాడు. మీటరు తిప్పినదాన్ని ఇది పట్టుకోకపోవచ్చు. అయినా మోసగాళ్ళలో అంత కష్టపడేవాళ్ళు తక్కువ.

ఎక్కడ కొనాలని అడుగుతారు. బెంగళూరులో ఎస్పీ రోడ్డు, అంటే సదర్ పాత్రప్ప రోడ్డు, కంప్యూటరు సామానుకు పేరు పడిన చోటు. పది అంగళ్ళు తిరిగి బేరం చేయగలిగినవాళ్ళకు అది మంచిదే. చిక్కబళ్ళాపురం నుంచి అయితే ఉదయం పోయి మధ్యాహ్నానికి రావచ్చు. బాగేపల్లి నుంచి ఒక పూట పోతుంది, వస్తువు చెడితే మరో పూట పోతుంది. 2023లో శక్తి పథకం వచ్చాక మా ఇంట్లో ఆడవాళ్ళకు బస్సు చార్జీ లేదు కాబట్టి, మార్చుకునే పని వచ్చినప్పుడు నన్ను కాదు, వాళ్ళను పంపుతాను. బేరం కూడా వాళ్ళే బాగా చేస్తారు. ఫోనులో తెప్పించుకుంటే ధర తక్కువ పడుతుంది. కానీ అక్కడ అమ్మేది ఎవరో చూడండి. పెద్ద వెబ్‌సైటు మీద ఉన్నంత మాత్రాన వస్తువు ఆ వెబ్‌సైటుది కాదు, సంత స్థలం ఒకరిది, గంప ఇంకొకరిది. నాకైతే రెండు మూడు వందలు ఎక్కువైనా మన ఊరి అంగడే నయం అనిపిస్తుంది, బిల్లు ఇచ్చేవాడైతే. బిల్లు వద్దంటే తగ్గిస్తానన్నవాడి దగ్గర నిలబడవద్దు. బిల్లు మీద డిస్కు సీరియల్ నంబరు రాయించుకోండి. పెట్టె మీది నంబరు, డిస్కు వెనక నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటే కావాలి. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొడితే వారంటీ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. నా మొదటి డిస్కుకు ఈ పని చేసి ఉంటే ఆ రోజే దొరికిపోయేది. ప్యాకెట్టు సరుకులకు 2011లో వచ్చిన నియమాల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోను నంబరు పెట్టె మీద ఉండాలి. అవి లేని పెట్టెను అక్కడే తిరిగి ఇచ్చేయండి.

వారంటీ గురించి ఒక మాట. అది డబ్బాకు మాత్రమే. మూడేళ్ళ వారంటీ ఉన్న డిస్కు రెండో ఏట చెడితే కంపెనీ ఇంకో డిస్కు ఇస్తుంది, ఖాళీది. లోపల ఉన్న మీ పెళ్ళి వీడియోకు కంపెనీకి సంబంధం లేదు. ఈ సంగతి వారంటీ కాగితంలోనే ఉంటుంది. అక్షరాలు మరీ చిన్నవి, అందుకే ఎవరూ చదవరు.

తెచ్చిన మొదటి వారం ముఖ్యం. తిరిగి ఇవ్వడానికి చాలాచోట్ల ఏడు నుంచి పది రోజులే గడువు. పార్సిలు విప్పేటప్పుడే ఇంట్లో పిల్లవాడి చేతికి ఫోను ఇచ్చి వీడియో తీయించండి. తర్వాత డిస్కులో మీ ఫోటోలు ఏవీ పెట్టకుండా మొదట దాన్ని పూర్తిగా నింపి చూడాలి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాము డిస్కును చివరిదాకా నింపి, రాసినదంతా తిరిగి చదివి, సరిపోయిందో లేదో చెబుతుంది. నకిలీ సరుకు ఈ పరీక్షలో నిలవదు. ఒక టీబీ రాయడానికి రెండున్నర గంటలు, చదవడానికి అంతే పడుతుంది. పాత రకం యూఎస్‌బీ రంధ్రంలో పెడితే రాత్రంతా పట్టవచ్చు. లోపల నీలం రంగు ఉన్న రంధ్రం ఉంటే సాధారణంగా అదే వేగమైనది, దాంట్లో పెట్టండి. మన ఊళ్ళలో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి, బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాపుతో చేయడం మేలు. చేస్తున్నంతసేపు డిస్కును కదపవద్దు. దాని మీద చెయ్యి పెట్టి వేడెక్కిందా అని మాటిమాటికీ చూడనక్కర్లేదు, కొంచెం వేడెక్కుతుంది.

మోసం జరిగితే ఊరుకోకండి. వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. అమ్మినవాడు దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చు. 2019 చట్టం ప్రకారం, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. నేను వేయలేదు. బిల్లు వద్దని వంద రూపాయలు తగ్గించుకున్నవాణ్ణి, ఏ కాగితం పట్టుకుని పోతాను?

తిరిగే డిస్కు కొనాలా, తిరగని ఎస్ఎస్‌డీ కొనాలా అని చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. ఎస్ఎస్‌డీ వేగమైనది, కింద పడినా తట్టుకుంటుంది, రోజూ పనిచేసుకునేవాళ్ళకు అదే మంచిది. కానీ దాంట్లో సమాచారం విద్యుత్ ఆవేశంగా ఉంటుంది. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే అది మెల్లగా ఇంకిపోగలదు. పైగా అదే దుడ్డుకు తక్కువ చోటు ఇస్తుంది. ఇంట్లో దాచుకోవడానికి తిరిగేదే చాలు. పేరున్నదైతే చెడదని కూడా అనుకోవద్దు. 2023లో శాన్‌డిస్క్ వారి కొన్ని ఎస్ఎస్‌డీలలో సమాచారం ఉన్నట్టుండి మాయమైందని అమెరికాలో కోర్టుల దాకా పోయారు.

వాడకంలో ఒక్క జాగ్రత్త గట్టిగా చెబుతాను. కొందరు ఈ డిస్కును టీవీకి తగిలించి పెళ్ళి వీడియో చూస్తారు. చూడవచ్చు. అయితే కొన్ని టీవీలూ సెట్‌టాప్ పెట్టెలూ తగిలించగానే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. సరే అని నొక్కారంటే పలక తుడిచినట్టే. ఇంట్లో పిల్లలకూ పెద్దవాళ్ళకూ ఈ మాట ముందే చెప్పి ఉంచండి. అసలు టీవీ కోసం ఒక చిన్న పెన్‌డ్రైవు వేరే పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. పని అయ్యాక వైరును లటుక్కున లాగకుండా, కంప్యూటరులో తీయవచ్చు అని వచ్చేదాకా ఆగి తీయండి.

రెండో డిస్కు ఎక్కడ పెట్టాలి? అదే బీరువాలో పెడితే దొంగ వస్తే రెండూ పోతాయి, ఇల్లు కురిస్తే రెండూ తడుస్తాయి. ఛాయాచిత్రాల వృత్తిలో ఉన్నవాళ్ళు మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట అనే పద్ధతి పాటిస్తారు. ఆ దొరకని మూట చిన్నది కాబట్టి మూడో ప్రతికి ఒక పెన్‌డ్రైవు సరిపోతుంది.

మా ఇంట్లో ఇప్పుడు రెండు డిస్కులు ఉన్నాయి, రెండూ రాయితీలో కొన్నవే, రెండూ క్యాలెండరు మీద నెల రోజులు ధర చూసి కొన్నవే. ఒకటి చిక్కబళ్ళాపురంలో నా దగ్గర, ఒకటి బాగేపల్లిలో అక్క దగ్గర. ఉగాదికి ఆమె వచ్చేటప్పుడు తనది చీర మడతల్లో చుట్టి తెస్తుంది. దసరాకు నేను నాది తీసుకుపోతాను. రెండింటినీ తగిలించి ఆ ఆరు నెలల్లో కొత్తగా చేరినవి ఇటునుంచి అటు ఎక్కిస్తాం. అలా ఆరు నెలలకొకసారి తిప్పడం డిస్కుకూ మంచిదే. అన్నిటికంటే ముందు, అది సరిగ్గా చదువుతోందో లేదో చూడటానికి, మామ పాడిన ఐదింటిలో మొదటిదాన్ని పెడతాం. పరీక్షకు ఒక నిమిషం చాలు. అక్క మాత్రం ఆపనివ్వదు.